మా ఊళ్లో తొమ్మిది కుటుంబాలు: గేదె కొనిద్దామా, డబ్బులిద్దామా, ఇంకేమైనా చేద్దామా?

గుండ్లకమ్మ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం వైపు ఒక చిన్న పల్లె. వాన మీద బతికే ఊరు, బోర్లు ఎండిపోయిన ఏడాది సగం ఇళ్లకు తాళాలే. బయట ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరి వాళ్లం పద్నాలుగు మందిమి కలిసి 5 లక్షల 40 వేలు పోగు చేశాం. మొదట గుడికి రంగులు వేయిద్దామనుకున్నాం. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక ఇల్లు చూశాక నాకు మనసు ఒప్పలేదు.

ఆ ఇంటి ఆయన బిల్డింగ్ పనిలో సెంట్రింగ్ మీద నుంచి పడ్డాడు. నడుం దెబ్బతిని మూడేళ్లుగా మంచం మీదే ఎక్కువ. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఎనిమిదితో బడి మానేసి వాళ్లమ్మతో మిరప కోతలకు పోతోంది. నేను వెళ్లేసరికి పదకొండైంది, పొయ్యి మీద అన్నం ఉంది. పక్కన పప్పు డబ్బా కడిగి బోర్లించి ఉంది. ఏం వండావక్కా అని అడిగితే, "బియ్యానికి లోటు లేదు నాయనా, అందులోకే ఏమీ లేదు" అంది. పళ్లెంలో ఉప్పు, కాల్చిన ఎండుమిరపకాయ. ఆస్పత్రికి చేసిన అప్పు 70 వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 2,100 వడ్డీకే పోతోంది. డ్వాక్రా సంఘంలో కూడా లేదు.

ఇలాంటివి తొమ్మిది ఇళ్లు లెక్క తేలాయి. ఇంటికి 60 వేలు వస్తుంది. తలా ఒక గేదె కొనిస్తే పాలమ్ముకుని బతుకుతారని మా వాళ్లలో ఎక్కువ మంది మాట. ఇలాంటి పని ఇంతకుముందు చేసినవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. డబ్బు చిన్నదే కానీ వృథా కాకూడదని మాకు బాగా టెన్షన్‌గా ఉంది.

పాడి_రైతు | ఆదివారం రాత్రి 10:15

తమ్ముడూ, గేదె మాత్రం ఇవ్వకండి. ముప్పై ఏళ్లుగా పాడి చేస్తున్నా కాబట్టి చెప్తున్నా. 60 వేలకు సంతలో వచ్చేది ఏ మూడో నాలుగో ఈత అయిపోయిన గేదె. అది పూటకు మూడు లీటర్లు ఇచ్చిందనుకో, రెండు లీటర్ల పాలకు కిలో దాణా లెక్క, దాని ఒంటికి వేరే. సెంటు భూమి లేని మనిషికి పచ్చిగడ్డి ఎక్కడిది? ఎండుగడ్డి కొనాలి, తవుడు కొనాలి. ఎనిమిది తొమ్మిది నెలలకు వట్టిపోతుంది. మళ్లీ చూడి కట్టి ఈనే దాకా పాలు లేకుండా మేపాలి. ఆ వట్టిపోయిన రోజుల్లోనే పేదోళ్ల గేదెలు అమ్ముడుపోతాయి. మా ఊళ్లో సబ్సిడీ గేదెల్లో ఎన్నో అలాగే పోయాయి. వాళ్లేదో తాగి అమ్మేశారని జనం అంటారు, మేపలేక అమ్ముకున్నారు పాపం.

ఇచ్చేదుంటే మేకలివ్వండి. నాలుగైదు ఆడమేకలు, కంచెలెమ్మట తిప్పుకుని మేపుకోవచ్చు. అవసరం పడితే ఒకటి అమ్ముకోవచ్చు. గేదెలో ఒక కాలు కోసి అమ్ముకోలేం కదా. కానీ టీకాలు వేయించకుండా మందలో వదిలారంటే పారుడు రోగం వచ్చి వారంలో అన్నీ పోతాయి, అది గుర్తుంచుకోండి.

డల్లాస్_గోదారి | ఆదివారం రాత్రి 11:02

గేదె, మేక అని మనం ఎందుకు తేల్చాలి? డబ్బే ఇచ్చేయండి. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ పేద ఇళ్లకు ఒక్కో ఇంటికి దాదాపు వెయ్యి డాలర్లు ఇచ్చేసి, ఇది చెయ్యి అది చెయ్యకు అని ఏమీ చెప్పలేదు. దాని మీద పెద్ద పరిశోధన జరిగింది, 2022లో అచ్చయింది. తీసుకున్నవాళ్లతో పాటు తీసుకోని పొరుగింటి వాళ్లు కూడా బాగుపడ్డారు, ఎందుకంటే ఆ డబ్బు ఊళ్లోనే తిరిగింది. ఇచ్చిన ప్రతి డాలరుకీ అక్కడ దాదాపు రెండున్నర డాలర్ల కదలిక వచ్చిందని లెక్క తేల్చారు. గుండ్లకమ్మ గారూ, ఆ అక్కకు ఏం కావాలో ఆమె కంటే మీకు ఎక్కువ తెలుసా? కోపంతో అనడం లేదు. మనలాంటి వాళ్లం అందరం చేసే తప్పే ఇది.

వెలుగు_పాతకాపు | సోమవారం ఉదయం 6:20

నేను పేదల కోసం ప్రభుత్వం పెట్టిన వెలుగు ప్రాజెక్టులో, తర్వాత ఇందిరా క్రాంతి పథంలో, ఊళ్ల సంఘాలను చూసుకునే సీసీగా పని చేసి రిటైరయ్యాను. మీరు గేదె దగ్గర మొదలుపెట్టారు, దానికి ముందు ఒక ప్రశ్న ఉంది. ఆ తొమ్మిది ఇళ్లు ఎవరు చెప్పారు?

2000లో వాటిని నడిపే సెర్ప్ సంస్థ పెట్టాక మాకు నేర్పిన మొదటి పని జాబితా. ఊళ్లోకి పోయి రచ్చబండ దగ్గర నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించేవాళ్లం. ప్రతి ఇల్లూ పటంలో రావాలి. ఏ ఇంట్లో ఏముంది, ఎవరు వలస పోయారు, ఎవరికి పూట గడవదు, అన్నీ ఆడవాళ్లే చెప్పాలి, మేం రాసుకోవాలి. పేదలు, నిరుపేదలు అని విడదీసేవాళ్లం. అంత జాగ్రత్తగా చేసినా నిరుపేదలే తప్పిపోయేవాళ్లు. ఎందుకంటే మీటింగు పగలు పెడితే వాళ్లు కూలికి పోయి ఉంటారు, రాత్రి పెడితే వాళ్ల ఇల్లు ఊరి చివర ఉంటుంది, పిలిచేవాళ్లు ఉండరు. ఒక ఊళ్లో పటం అంతా అయిపోయి లేస్తుంటే ఒక పిల్లాడు "మా అవ్వ ఇల్లు వెయ్యలేదు" అన్నాడు. చూస్తే చెరువు కట్ట కింద నిజంగానే ఒక గుడిసె ఉంది. అవ్వ ఒక్కతే ఉంటోంది. ఆ ఊళ్లో అప్పటికి నాలుగేళ్లుగా తిరుగుతున్నా, నాకు తెలియదు.

సంఘాల సంగతీ అంతే. నెలనెలా పొదుపు కట్టలేని మనిషిని పక్కన వాళ్లు చేర్చుకోరు, ఆమె కట్టకపోతే అందరి అప్పూ ఆగుతుందని వాళ్ల భయం, అందులో తప్పూ లేదు. మీరు చెప్పిన ఆ అమ్మాయి డ్వాక్రాలో ఎందుకు లేదో ఇప్పటికి అర్థమై ఉంటుంది.

గుండ్లకమ్మ | సోమవారం ఉదయం 8:05

నిజం చెప్పాలంటే జాబితా ఫోన్లోనే తయారైంది. ఊళ్లో ఉన్న ఒక ఫ్రెండ్, ఒక వార్డు మెంబరు చెప్పారు. ఇప్పుడు చూస్తే తొమ్మిదిలో ఆరు మా వీధి చుట్టుపక్కలవే.

సర్వే_బ్యాగు | సోమవారం మధ్యాహ్నం 1:30

నేను బీహార్‌లో రెండేళ్లు ఒక పరిశోధన బృందంతో ఇంటింటి సర్వే చేశాను, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

మీరు అడుగుతున్న ప్రశ్నకు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో ఒక దారి వేసింది. వాళ్లు అప్పటికే పెద్ద ఎత్తున చిన్న అప్పులు ఇస్తున్నారు. చూస్తే బాగా అడుగున ఉన్నవాళ్లు అప్పు దగ్గరికే రావడం లేదు. దాంతో అప్పు కాకుండా వేరే పద్ధతి పెట్టారు. ఊరి వాళ్లతోనే నిరుపేదలను గుర్తించడం, వాళ్లే ఎంచుకున్న ఒక జీవనాధారం ఉచితంగా ఇవ్వడం, అది డబ్బులు తెచ్చే దాకా తిండికి కొంత సొమ్ము, పని నేర్పడం, చిన్న పొదుపు, జబ్బు చేస్తే ఆదుకోవడం. వీటన్నిటితో పాటు దాదాపు రెండేళ్లు వారం వారం ఒక మనిషి ఇంటికి వచ్చి కూర్చుని మాట్లాడడం. ఇప్పటికి అక్కడ 20 లక్షలకు పైగా కుటుంబాలు ఇందులోంచి వచ్చాయి.

మిగతా చోట్ల పనిచేస్తుందా అని ఇథియోపియా, ఘనా, హోండురస్, మన దేశం, పాకిస్తాన్, పెరు, ఈ ఆరు దేశాల్లో పదివేల పైచిలుకు కుటుంబాలతో పరీక్షించారు, 2015లో ఫలితాలు వచ్చాయి. మన దగ్గర పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో బంధన్ అనే సంస్థ చేసింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అక్కడికి పదేళ్ల తర్వాత కూడా వెళ్లి చూసింది. ఏడో ఏడు దాకా తేడా పెరుగుతూ పోయింది, పదో ఏటికీ నిలిచే ఉంది. ఇచ్చిన పశువులే పదేళ్లు కాపాడాయని కాదు. మొదట దొరికిన ఆ కాస్త ఆసరాతో వేరే వ్యాపారాల్లోకి వెళ్లారు, ఇంట్లో మగపిల్లలు దూరం పోయి మెరుగైన పని వెతుక్కున్నారు. చేతిలో ఏమీ లేనివాడు దూరం కూడా పోలేడు.

డల్లాస్ గారూ, మీ మాటను నేను తీసెయ్యను, కెన్యా లెక్కలు నిజమే. కానీ ఘనాలో ఇంకో సంగతి చూశారు. కొన్ని ఇళ్లకు ఒట్టి మేకలు ఇచ్చి ఊరుకున్నారు, కొన్నిటికి పొదుపు ఒక్కటే పెట్టారు, కొన్నిటికి మొత్తం కలిపి ఇచ్చారు. మొత్తం ఇచ్చిన చోటే మార్పు నిలబడింది. హోండురస్‌లో ఎక్కువ మందికి కోళ్లు ఇచ్చారు, జబ్బొచ్చి చాలా కోళ్లు చచ్చిపోయాయి, పెట్టిన ఖర్చు కూడా రాలేదు. పాడి రైతు గారు టీకాల గురించి అన్న మాట అక్షరాలా నిజం.

బీహార్ ప్రభుత్వం 2018లో సతత్ జీవికోపార్జన్ యోజన పేరుతో ఇదే మొదలుపెట్టింది. 2016లో మద్యనిషేధం వచ్చాక కల్లు, సారా మీద బతికిన కుటుంబాలు రోడ్డున పడ్డాయి, వాళ్లను దృష్టిలో పెట్టుకుని మొదలైంది. జీవనాధారం కాక, నెలకు 1,000 చొప్పున 7 నెలలు తిండి ఖర్చుకు ఇచ్చేవారు. నేను సర్వేకి వెళ్లిన ఒక ఇంట్లో ఆమెకు చిన్న కిరాణా కొట్టు పెట్టించారు, తలుపు పక్కన ఒక చెక్క అర అంతే. ఆమెకు అంకెలు రావు. వారం వారం వచ్చే అమ్మాయి గోడ మీద బొగ్గుతో గీతలు నేర్పింది. పది రూపాయలకు ఒక నిలువు గీత, అరువుకు ఒక సున్నా. మొదట్లో సున్నాలు గోడంతా ఉన్నాయి. అరువు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దనాలి, బావమరిదికి వద్దని ఎలా చెప్పాలి, ఆ అమ్మాయి వారం వారం మాట్లాడింది వీటి గురించే. మేం మళ్లీ వెళ్లేసరికి గోడకు సున్నం వేశారు, కొత్త గీతలు మొదలయ్యాయి, సున్నాలు నాలుగే. డబ్బు చేతికిచ్చి వచ్చేస్తే ఆ కొట్టు రెండు నెలలు కూడా ఉండేది కాదని నాకు గట్టిగా అనిపించింది.

మెదక్_చెరువుకట్ట | సోమవారం రాత్రి 8:48

అక్కా, బాగా చెప్పారు. కానీ మా మెదక్ జిల్లా సంగతి కూడా చెప్పాలి, లేకుంటే సగమే చెప్పినట్టు. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ సంస్థ వాళ్లు ఇదే పద్ధతి మా జిల్లాలో చేశారు, దాని మీద జొనాథన్ మోర్డుక్, శమికా రవి వాళ్లు పరిశోధన చేశారు. ఫలితం ఏమైందంటే, ఆదాయంలో గానీ ఆస్తిలో గానీ నిలబడే తేడా రాలేదు. బర్లు, మేకలు ఇచ్చిన ఇళ్లూ ఇవ్వని ఇళ్లూ కొన్నాళ్లకు దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి.

కారణం చూస్తే బాధపడాల్సింది కాదు, ఆలోచించాల్సింది. ఆ ఏళ్లలో మా దిక్కు కూలి రేట్లు బాగా పెరిగాయి. పశువు తీసుకోని ఆడవాళ్లు కైకిలికి పోయి ఎక్కువ పైసలు తెచ్చుకున్నారు. తీసుకున్నవాళ్లు పశువు వెంట నిలబడి కైకిలి వదులుకున్నారు. ఇటు వచ్చింది అటు పోయింది. మా చిన్నమ్మను చూశాను కాబట్టి ఇది నాకు పుస్తకంలో మాట కాదు. ఆమెకు బర్రె వచ్చినంక పొద్దున నాలుగు గంటలకు లేచేది, పదకొండింటికి గడ్డికి పోయేది, సాయంత్రం మళ్లీ పాలు. రోజంతా దానికే. పాల బిల్లు వచ్చిన రోజు మామయ్య లెక్కేస్తే, నాట్ల కాలంలో కైకిలికి పోయుంటే అంతకంటే ఎక్కువే వచ్చేది.

అందుకని నేననేది, మీ దగ్గర మిరప కోతలు ఎన్ని నెలలు ఉంటాయి, కూలి ఎంత, ఉపాధి హామీ పని ఎన్ని రోజులు దొరుకుతోంది, ముందు అది రాసుకోండి. కూలి దొరికే నెలల్లో ఆడమనిషిని ఇంటికి కట్టేసే పని ఇవ్వకండి. కూలి లేని నెలల్లో పైసలు తెచ్చేది చూడండి.

పాడి_రైతు | సోమవారం రాత్రి 9:10

ఇది ఒప్పుకుంటా. మేకలైతే ఇంట్లో ముసలోళ్లో, కూలికి పోలేనివాళ్లో తిప్పుకోవచ్చు. ఆ నడుం దెబ్బ తగిలిన ఆయన కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగితే రెండు మేకలు చూసుకోగలడేమో అడగండి. మగమనిషికి మంచంలో పడి ఉండడం కంటే అదే నయం.

కొచ్చి_తెలుగమ్మాయి | మంగళవారం ఉదయం 10:25

కేరళలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ ప్రభుత్వం పంచాయతీల ద్వారా, కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల వాళ్లతో కలిసి రాష్ట్రం మొత్తం వెతికి 64,006 కుటుంబాలను అతి నిరుపేదలుగా తేల్చింది. తిండి, ఆరోగ్యం, ఆదాయం, ఇల్లు, ఈ నాలుగూ చూశారు. తర్వాత 2025 నవంబర్ 1న అతి పేదరికం లేని రాష్ట్రమని ప్రకటించారు. ఆ ప్రకటన మీద ఇక్కడ గట్టి వాదనలే జరిగాయి, ఆదివాసీ ఊళ్లు సరిగ్గా లెక్కలోకి రాలేదని చాలామంది అడిగారు, అడగాల్సిందే. కానీ పద్ధతిలో ఒకటి మీరు తీసుకోవచ్చు. ఒక్కో ఇంటికి ఒక్కో ప్లాన్ రాశారు. ఒక ఇంటికి కావాల్సింది రేషన్ కార్డు, ఇంకో ఇంటికి నెలనెలా మందులు, ఒంటరి ముసలాయనకు వండిన అన్నం ఇంటికి చేరడం, ఒకరికి ఇల్లు, ఒకరికి మాత్రమే బతుకుతెరువు.

మీ తొమ్మిది ఇళ్లను కూడా ఒకే గాటన కట్టకండి. మేకలు మేపాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి. వెలుగు గారు చెప్పిన ఆ చెరువు కట్ట కింద అవ్వలాంటి మనిషికి మేకతో ఏం పని?

వెలుగు_పాతకాపు | మంగళవారం ఉదయం 11:50

ఈ అమ్మాయి మంచి మాట చెప్పింది. ముందు హక్కుగా రావాల్సినవి రప్పించండి, మీ సొమ్ము ఒక్క రూపాయి కదలక ముందే. ఆ నడుం పడిపోయిన ఆయనకు వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ఉందా? 40 శాతం, ఆపైన ఉంటే వికలాంగుల పింఛను నెలకు 6,000, 2024 జూలై నుంచి అదే రేటు. ఏడాదికి 72 వేలు. మీరిచ్చే గేదె కంటే ఎక్కువ, పైగా వట్టిపోదు. స్లాట్ దొరకాలి, ఆస్పత్రికి మనిషిని మోసుకెళ్లాలి, ఆ రోజు ఆమె కూలి పోతుంది, ఆటోకు రెండు వేలు అవుతుంది. ఆ రెండు వేలు లేకే మూడేళ్లుగా ఆగి ఉంటారు, చూడండి కావాలంటే.

పెద్దపిల్లను కస్తూర్బా విద్యాలయంలో చేర్పించండి. బడి మానేసిన ఆడపిల్లల కోసమే పెట్టినవి అవి, తిండీ బసా అక్కడే. సచివాలయంలో అడిగి పీ4 కింద, అంటే ఉన్నవాళ్లు పేద ఇళ్లకు తోడుండే ప్రభుత్వ పథకం కింద, బంగారు కుటుంబంగా నమోదై ఉన్నారేమో కూడా కనుక్కోండి. 2025 ఉగాది నాడు మొదలైంది కదా. నమోదై ఉంటే మీ పద్నాలుగు మందీ మార్గదర్శులుగా రాయించుకోవచ్చు. లేకపోతే ఎందుకు లేరో అడగండి.

ఇంకొకటి, ఈ డబ్బును వడ్డీకి తిప్పే ఆలోచన పెట్టుకోవద్దు. వారం వారం కంతు కోసం ఇంటి ముందు కూర్చునే అప్పులతో ఉమ్మడి రాష్ట్రంలో ఎంత ఘోరం జరిగిందో నేను దగ్గర నుంచి చూశాను, 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చే దాకా పోయింది.

యానాది_బిడ్డ | మంగళవారం రాత్రి 11:37

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మీరంతా మాట్లాడుతున్నది మాలాంటి ఇంటి గురించే.

నెల్లూరు వైపు చేపల చెరువుల మీద పెరిగాను. మా నాయన ఒక ఆసామి దగ్గర 15 వేలు అడ్వాన్సు తీసుకుని చెరువు కాపలాకు కుదిరాడు. గట్టు మీదే గుడిసె, రాత్రీ పగలూ అక్కడే. నెల కూలిలో అప్పుకింద కొంత పట్టుకునేవాళ్లు, జబ్బు చేస్తే మళ్లీ అప్పు, ఏడేళ్లకు అది 40 వేలు దాటింది. మాకు కార్డు లేదు, పుట్టిన కాయితం లేదు, ఓటు లేదు. చెరువు వదిలి బడికి పోవాలన్నా ఆసామి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో మాకెవరైనా మేకలిచ్చి ఉంటే మొదటి వారంలోనే అవి ఆసామి దొడ్లో ఉండేవి.

మమ్మల్ని బయటికి తెచ్చింది ఒక టీచరమ్మ. ఆమె ఏ సంస్థ మనిషీ కాదు. నన్ను హాస్టల్లో వేసింది, మా అమ్మకు ఆధార్ చేయించడానికి ఆరుసార్లు తిరిగింది, వేలిముద్రలు పడలేదని రెండుసార్లు వెనక్కి పంపారు. వచ్చినప్పుడల్లా గట్టు మీద మా అమ్మ పక్కనే కింద కూర్చునేది. మా అమ్మ ఇప్పటికీ చెప్పేది డబ్బు గురించి కాదు, "ఆమె మన చేతి టీ తాగింది రా" అంటుంది.

అన్నలారా, నేను అడిగేది మూడే. ఒకటి, అప్పు సంగతి చూడకుండా ఏమీ ఇవ్వకండి, మీరు ఇచ్చేది అప్పిచ్చినవాడికి పోతుంది. రెండు, ఫోటోలు తీయకండి, ఫ్లెక్సీ కట్టకండి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరు మా అమ్మకు చీర ఇస్తూ తీసిన ఫోటో పేపర్లో వచ్చింది, హాస్టల్లో పిల్లలు దాన్ని గోడకు అంటించారు. నేను రెండు రోజులు అన్నం తినలేదు. మూడు, ఇంటికి వెళ్లినప్పుడు వాకిట్లో నిలబడి మాట్లాడకండి, కూర్చోండి.

డల్లాస్_గోదారి | బుధవారం ఉదయం 6:55

తమ్ముడూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. డబ్బిచ్చి పక్కకు జరగాలన్న నా మాట అప్పుల్లో లేని ఇంటికి సరిపోతుందేమో, మీ ఇంటికి సరిపోదు. నేను ఈ ఫండ్‌లో లేను, మా ఊరు వేరు, అయినా ఆ వారం వారం వెళ్లే మనిషి జీతంలో ఒక ఏడాది నాది. గుండ్లకమ్మ గారూ, నాకు మెసేజ్ చేయండి.

గుండ్లకమ్మ | ఐదు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:05

ఊరెళ్లి పది రోజులుండి వచ్చాను. మీరు చెప్పినట్టే రాత్రి ఏడున్నరకు, కూలోళ్లు వచ్చాక, ఎస్సీ కాలనీ దగ్గర పటం వేయించాం. ముగ్గుపిండి అయిపోతే బొగ్గుపొడి వాడాం. మా జాబితాలో రెండు ఇళ్లు ఆడవాళ్లే తీసేశారు, "వాళ్లకేం తక్కువ" అని మొహం మీదే అన్నారు. కొత్తగా మూడు వచ్చాయి. అందులో ఒకటి వేరే ఊరి నుంచి వచ్చి పాత స్కూల్ షెడ్డులో ఉంటున్న ఒంటరి ఆడమనిషి. ఆరేళ్లుగా ఉంటోందట. మా ఇంటికి మూడు వందల అడుగుల దూరం. నాకు తెలియదు.

మొత్తం పది ఇళ్లయ్యాయి. ఇద్దరు ముసలివాళ్లకు పింఛను కాయితాలు, మందులు చాలు. ఒకాయన ఇస్త్రీ బండి అడిగాడు, ఒకామె బడ్డీ కొట్టు, నలుగురు మేకలు. ఇంకొకామె నాకిప్పుడేమీ తోచడం లేదు, ఆలోచించి చెప్తానంది, సరే అన్నాం. నేను మొదట రాసిన అక్క మేకలు కూడా వద్దంది. "వడ్డీ ఆపించు నాయనా, మిగతాది నేను చూసుకుంటా" అంది. ఆ అప్పిచ్చినాయనతో నలుగురు పెద్దమనుషుల ముందు మాట్లాడాం. ఇప్పటిదాకా కట్టిన వడ్డీ లెక్కేసి చూపిస్తే 50 వేలకు తెగ్గొట్టుకున్నాడు, నోటు చింపేశారు. అది ఫండ్ నుంచి కట్టేశాం. ఆమె నెలకు వెయ్యి చొప్పున వడ్డీ లేకుండా ఫండ్‌కు వేస్తానంది, ఆ మాట ఆమే అంది, మేం అడగలేదు. వడ్డీకి పోయే 2,100లో మిగిలేది ఇక ఇంట్లో పప్పు ఉల్లిపాయలకు. సదరం స్లాట్ వచ్చే నెల. పెద్దపిల్ల కస్తూర్బాలో అప్లికేషన్ పెట్టింది. వెళ్లనని ఒక రోజంతా ఏడ్చింది, నేను పోతే అమ్మ ఒక్కతే కోతలకు పోవాలని. వాళ్లమ్మే ఒప్పించింది.

ఊళ్లో డిగ్రీ అయి ఇంట్లో ఉంటున్న ఒక చెల్లెలు వారం వారం పది ఇళ్లకూ వెళ్తుంది, నెలకు 4,000, పద్దెనిమిది నెలలకు 72 వేలు. మా వాళ్లలో ఇద్దరు, ఆ డబ్బుతో ఇంకో మంద మేకలు వచ్చేవి కదా అన్నారు. ఈ పేజీ పంపించి చదవమన్నాను. డల్లాస్ అన్న అందులో ఏడాది భరిస్తున్నారు. ఫోటోలు లేవు, ఫ్లెక్సీ లేదు. గుడికి రంగులు వచ్చే ఏడాది చూద్దామన్నారు పెద్దలు.

మెదక్_చెరువుకట్ట | ఆదివారం రాత్రి 10:40

ఆ నలుగురికి కూలి లేని నెలలు రాసుకున్నారా?

గుండ్లకమ్మ | ఆదివారం రాత్రి 10:52

రాసుకున్నాం అన్నా. మిరప కోతలు అయిపోయాక వానలు పడే దాకా దాదాపు ఏమీ లేదు. మేకలు తీసుకున్న నలుగురిలో ముగ్గురి ఇళ్లలో కూలికి పోని మనిషి ఒకరున్నారు, వాళ్లే తిప్పుతారు. నాలుగో ఆమె ఆ షెడ్డులో ఉండే ఒంటరి ఆడమనిషి. ఆమె విషయంలోనే భయంగా ఉంది.

గుండ్లకమ్మ | ఇంకో రెండు నెలల తర్వాత, గురువారం సాయంత్రం 6:15

పాడి రైతు అన్నా, అర్జెంటు. ఆ షెడ్డులో ఉండే ఆమె మేకల్లో ఒకటి నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు, ముక్కు కారుతోంది, పారుతోంది కూడా. మా చెల్లెలు ఇంటికి వెళ్లే రోజు శనివారం, ఎందుకో ఇవాళ అటు వెళ్లి చూసి ఫోన్ చేసింది. కొన్నప్పుడు టీకా వేయించాం. మొన్న ఒకటి చనిపోతే దాని బదులు తెచ్చిన మేక ఇది, దీనికి వేయించలేదు.

పాడి_రైతు | గురువారం సాయంత్రం 6:19

వెంటనే దాన్ని విడిగా కట్టెయ్యమను, నీళ్ల తొట్టి కూడా వేరు పెట్టాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి, బండి వస్తుంది. మిగతా వాటికి ఒళ్లు వేడిగా ఉందేమో చెవులు పట్టుకుని చూడమను. పారుడు రోగమైతే ఆలస్యం చేయకూడదు. నా నంబరు మెసేజ్ చేస్తున్నా, ఆ అమ్మాయిని నేరుగా నాతో మాట్లాడమను.

గుండ్లకమ్మ | శుక్రవారం ఉదయం 9:30

పొద్దున్నే డాక్టరు గారు వచ్చి ఇంజక్షన్లు చేసి వెళ్లారు. మిగతా వాటికి జ్వరం లేదు. జబ్బు మేక కొంచెం గంజి తాగింది. ఆమె రాత్రంతా దాని పక్కనే గోనెపట్టా వేసుకుని పడుకుందట, మా చెల్లెలు కూడా పదకొండు దాకా అక్కడే కూర్చుంది. మళ్లీ సాయంత్రం వెళ్తుంది.